ఊళ్ళో తాతగారి ఇల్లు అమ్మాలంటే ముందు ఎవరిని అడగాలి?

ఈ ఎపిసోడ్ సత్తెనపల్లి నుంచి చేస్తున్నాను. వీడియో చూసే టైం లేనివాళ్ళ కోసం ఎప్పటిలాగే మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం.

ఇవాళ్టి టాపిక్ ఊళ్ళో ఉన్న సొంతిల్లు అమ్మడం. "అన్నా, మా తాతగారి పెంకుటిల్లు ఖాళీగా పడుంది, అమ్మేద్దామా ఉంచుకుందామా?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఊరికే సలహా చెప్పే బదులు మా ఇంటి కేసే చెప్తాను. మా ఇల్లు కూడా అమ్మకం దాకా వచ్చింది కాబట్టి. ఊరి పేరూ, మావాళ్ళ పేర్లూ చెప్పను. మా నానమ్మ పర్మిషన్ తీసుకునే మాట్లాడుతున్నా. "చెప్పుకుంటే చెప్పుకో గాని నా ఫోటో మాత్రం పెట్టమాక" అంది.

తెలియనివాళ్ళకి, సత్తెనపల్లి అంటే గుంటూరు నుంచి మాచర్ల వెళ్ళే దారిలో వస్తుంది. మొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లా. చుట్టూ పత్తి, మిరప. మా ఊరు ఇక్కడి నుంచి బైక్ మీద అరగంట. నాగార్జునసాగర్ కాలవలకి 1967 ఆగస్టులో నీళ్ళొదిలారు కదా, ఆ తర్వాత నాలుగేళ్ళకి, 1971లో మా తాతయ్య ఈ ఇల్లు కట్టాడు. 18 సెంట్ల స్థలం. నాపరాళ్ళ అరుగు, పంచ, నట్టిల్లు, వెనక వంటిల్లు, ఒక పక్క గొడ్లచావిడి. పైన పెంకులు, టేకు దూలాలు, టేకు స్తంభాలు. మంచి రేటు వచ్చేదాకా మిర్చి టిక్కీలు నట్టింట్లోనే పేర్చేవాళ్ళంట. ఇప్పటికీ వానాకాలం ఆ గదిలోకి వెళ్తే సన్నగా ఘాటు తగులుతుంది.

ఊరి బయట రెండెకరాల మెట్ట కూడా ఉంది. స్థలమూ పొలమూ రెండూ తాతయ్య తన సంపాదనతో కొన్నవే. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. తాతయ్య 2016లో పోయాడు. వీలునామా రాయలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో నానమ్మ ఒక్కతే ఉంటుంది, ఎనభై దాటింది. నాన్న గుంటూరులో, బాబాయ్ డల్లాస్‌లో, అత్త నరసరావుపేట దగ్గర.

సరే, అమ్మకం మాట ఎందుకొచ్చింది? అమరావతి. 2015 అక్టోబర్ 22న శంకుస్థాపన జరిగినప్పుడు మా వైపు కూడా రేట్లు ఎగిరాయి. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట రాగానే చల్లబడ్డాయి. 2025 మే 2న పనులు మళ్ళీ మొదలయ్యాక బ్రోకర్లు మళ్ళీ బైకులేసుకుని తిరగడం మొదలుపెట్టారు. "ఇప్పుడమ్మకపోతే ఇంకెప్పుడు" అని నాన్నకి అనిపించింది. అందులో తప్పేం లేదు. ఇంటికి ఏటా పెంకులు సర్దించాలి, చెదలకి మందు కొట్టించాలి, ఆ ఖర్చు ఇన్నేళ్ళూ ఆయన ఒక్కడే పెట్టుకుంటున్నాడు.

బ్రోకర్ వచ్చి ఇల్లంతా చూశాడు. సెంటు రెండు లక్షలు అన్నాడు. అంటే 18 సెంట్లకి 36 లక్షలు. మరి ఇంటికెంత అనడిగితే నవ్వాడు. "ఇంటికేముందండీ, కొన్నవాడు పడగొట్టుకోవాలి, ఆ ఖర్చు తీసేస్తాడు" అన్నాడు. అది వినడానికి కష్టంగా ఉంటుంది గాని మార్కెట్‌లో నిజమే. పాత పెంకుటిల్లు కొనేవాడు స్థలాన్నే కొంటాడు. వాడి లెక్కలో ఇల్లు మైనస్. అదే ఇంట్లో కలపకి మాత్రం విడిగా రేటుంది. పాత టేకు స్తంభాలు, నగిషీ ద్వారబంధాలు కొనేవాళ్ళు వేరే ఉంటారు. మా ఇంటికి ఒకాయన వచ్చి స్తంభాలు, తలుపులు, దూలాలు అన్నీ కలిపి రెండున్నర లక్షలు ఇస్తానన్నాడు. కాబట్టి మీరు అమ్ముతుంటే కలప సంగతి అగ్రిమెంట్‌లో విడిగా రాయించుకోండి. లేకపోతే "పడగొట్టుకునే ఖర్చు" పేరుతో రేటు తగ్గిస్తారు, కలపా తీసుకుపోతారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇంట్లో వీడియో కాల్ పెట్టారు. నాన్న అమ్ముదాం అన్నాడు. బాబాయ్ వద్దన్నాడు. "నాన్న కట్టిన ఇల్లు అన్నయ్యా, పిల్లల్ని తీసుకుని సంక్రాంతికి ఎక్కడికి రావాలి? రిటైరయ్యాక నేను వచ్చి ఉంటా" అన్నాడు. ఇద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు. ఆ గంటన్నరలో అత్త కాల్‌లో లేదు. నానమ్మ పక్కనే మంచం మీద కూర్చుని ఉంది, ఆమెని అడిగింది ఒకటే: "అమ్మా, అమ్మేస్తే నువ్వు గుంటూరులో ఉంటావా, అత్త దగ్గర ఉంటావా?"

నేను బీటెక్ తర్వాత నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. అక్కడ సర్వర్‌లో చిన్న మార్పు చెయ్యాలన్నా మొదటి ప్రశ్న: దీనికి యాక్సెస్ ఎవరెవరికి ఉంది? ఎవరు అప్రూవ్ చెయ్యాలి? అది తేలకుండా మార్పు మంచిదా చెడ్డదా అనే చర్చే మొదలవ్వదు. మన ఇళ్ళల్లో రివర్స్‌లో జరుగుతుంది. అమ్మాలా వద్దా అని ఏడాది కొట్టుకుంటాం, అసలు ఇది ఎవరెవరిది అని మాత్రం ఎవరూ కాగితం మీద రాయరు.

మా ఇంటి లెక్క రాసి చూద్దాం. తాతయ్య సొంత కొనుగోలు, వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం ఇలాంటి ఆస్తి భార్యకి, కొడుకులకి, కూతుళ్ళకి సమానంగా వస్తుంది. చనిపోయినాయన తల్లి బతికుంటే ఆమెకీ వస్తుంది. మా ముత్తవ్వ అప్పటికే లేదు. కాబట్టి వాటాదార్లు నలుగురు: నానమ్మ, నాన్న, బాబాయ్, అత్త. తలా పావలా వంతు. 36 లక్షల్లో ఒక్కొక్కరికి 9 లక్షలు. అంటే గంటన్నర వాదించుకున్న ఇద్దరిదీ కలిపి సగమే. మిగతా సగం ఇద్దరు ఆడవాళ్ళది. ఒకరు కాల్‌లో లేరు, ఇంకొకరిని ఓనర్‌గా ఎవరూ అడగలేదు.

"పెళ్ళిలో పసుపుకుంకుమల కింద ఇచ్చేశాం కదా, ఇంక వాటా ఏంటి" అని చాలామంది అంటారు. మా బ్రోకర్ కూడా అన్నాడు, "ఆడబిడ్డ చేత ఒక సంతకం పెట్టించేసుకోండి, అయిపోద్ది" అని. పెళ్ళిలో ఎంత ఇచ్చినా, కూతురు తన వాటా వదులుకుంటూ రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు రాసిస్తేనే అది పోతుంది. తెల్లకాగితం మీద సంతకం చెల్లదు. 100 రూపాయలు, ఆ పైన విలువుండే స్థిరాస్తిలో హక్కు వదులుకునే కాగితం ఏదైనా రిజిస్టర్ కావాల్సిందేనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది.

మీది తాతముత్తాతల నుంచి వచ్చిన పిత్రార్జితం అయితే లెక్క వేరేగా ఉంటుంది, ఒక లాయర్‌కి చూపించుకోండి. అక్కడ కూడా ఆడపిల్లకి హక్కుంది. దేశంలో అందరికంటే ముందు దారిన పడ్డ రాష్ట్రాల్లో మనది ఒకటి. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చి, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం పెళ్ళైనవాళ్ళతో సహా దేశమంతటికీ ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికున్నాడా లేదా అన్నదాంతో సంబంధం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చేసింది. చట్టం వచ్చి దాదాపు నలభై ఏళ్ళు. మన వీడియో కాల్స్‌లోకి మాత్రం ఇంకా రాలేదు.

మరి అత్త ఏమంటుంది? నేను నరసరావుపేట వెళ్ళి అడిగాను. అత్తా మామయ్యా కౌలుకి మిరప వేస్తారు. 2021లో నల్ల తామర పురుగు తోటల్ని తినేసింది గుర్తుందా, ఆ ఏడు మొదటి దెబ్బ. 2023లో మంచి రకం క్వింటా ఇరవై వేలు దాటేసరికి ధైర్యం చేసి కౌలు పెంచారు. 2025 మొదట్లో రేటు కూలిపోయింది. కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 రూపాయలు అని ధర ప్రకటించాల్సి వచ్చింది. ఎకరానికి పెట్టిన పెట్టుబడీ కోతకూలీ లెక్కేస్తే వాళ్ళకి అది చాలలేదు. ఇప్పుడు ఆరు లక్షల అప్పుంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకి పన్నెండు వేలు వడ్డీకే.

అత్త అన్న మాట ఉన్నదున్నట్టు చెప్తాను: "ఇల్లు ఉండాలనే నాకూ ఉందిరా. నేను పుట్టింది ఆ నట్టింట్లోనే. కానీ నెలకి పన్నెండు వేలు పెట్టి ఉంచుకునే ఓపిక నాకు లేదు."

ఈ మాట నాకు చాలా రోజులు బుర్రలో తిరిగింది. ఎందుకంటే సెంటిమెంట్‌కి కూడా ఒక బిల్లు ఉంటుంది. డల్లాస్‌లో ఉన్న బాబాయ్ "అమ్మొద్దు" అంటే ఆయనకి అయ్యే ఖర్చు సున్నా. సంక్రాంతికి నాలుగు రోజులు వస్తాడు, అరుగు మీద ఫోటో దిగుతాడు. ఆ ఫోటో బిల్లు నరసరావుపేట దగ్గర మా అత్త కడుతోంది. ఆయన చెడ్డవాడని చెప్పట్లేదు, చాలా మంచివాడు. ఆ లెక్క ఆయన ముందు ఎవరూ పెట్టలేదు, అంతే.

ఇది మన ఒక్కళ్ళ సమస్య కూడా కాదు. జపాన్‌లో 2023 సర్వే ప్రకారం దాదాపు 90 లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. పెద్దవాళ్ళు పోతారు, పిల్లలు సిటీలో ఉంటారు, ఎవరి పేరూ ఎక్కదు. రెండు తరాలు గడిచేసరికి ఒక ఇంటికి ఎంతమంది వారసులో లెక్కే తేలదు. చివరికి అక్కడి ప్రభుత్వం 2024 ఏప్రిల్ 1 నుంచి వారసత్వం వచ్చిందని తెలిసిన మూడేళ్ళలోపు పేరు ఎక్కించుకోవాలని, లేకపోతే జరిమానా అని చట్టం తెచ్చింది. ఇటలీలో సిసిలీ దీవిలో సంబూకా అని ఒక ఊరుంది, చుట్టూ ద్రాక్షతోటలు. 2019లో ఆ ఊరు పాత ఇళ్ళని ఒక యూరో నుంచి వేలానికి పెట్టి వార్తల్లోకెక్కింది. అమ్మింది మున్సిపాలిటీ చేతిలో ఉన్న ఇళ్ళు. ఓనర్ ఒక్కరే, సంతకం ఒక్కటే, అందుకే గబగబా అమ్ముడుపోయాయి. మన ఊళ్ళో ఇల్లు సంవత్సరాల తరబడి అమ్ముడుపోకపోవడానికి చాలాసార్లు కారణం కొనేవాడు లేక కాదు, సంతకాలన్నీ ఒకచోటికి రాక.

సరే, ఇప్పుడు కాగితాల పని. మేం చేసిన వరసలోనే చెప్తాను, మీకూ పనికొస్తుంది.

మొదటిది, మూల దస్తావేజు. మాది 1970ది, తాతయ్య ట్రంకుపెట్టెలో దొరికింది. అందులో హద్దులు ఎలా ఉన్నాయో చూడండి: తూర్పు ఫలానా ఆయన దొడ్డి, పడమర పుంత, ఉత్తరం ఫలానా వారి గడ్డివాము. ఆ ఫలానా వాళ్ళు ఇప్పుడు లేరు, పుంత సిమెంట్ రోడ్డయింది, గడ్డివాము ఉన్నచోట డాబా లేచింది. అందుకే అమ్మకం మాట బయటికి రాకముందే, పక్కవాళ్ళతో మంచిగా ఉన్నప్పుడే, సర్వేయర్‌ని పిలిచి కొలిపించుకోవాలి. కొనేవాడు వచ్చాక కొలిస్తే ప్రతి అడుగూ తగాదానే.

రెండోది, ఈసీ. ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకుముందు లావాదేవీలు కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్లై చేసి పాత పుస్తకాలు వెతికించాలి. ఊళ్ళో ఇళ్ళు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. పొలానికి ఉన్నట్టు అడంగల్, 1బి ఇంటికి ఉండవు. "ఇంటిపన్ను రసీదు ఉందిగా" అంటారు. పన్ను రసీదు మీరు పన్ను కట్టారని చెప్తుంది, ఇల్లు మీదని చెప్పదు.

మూడోది, మరణ ధ్రువపత్రం, ఆ తర్వాత ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. ఇందులో కూతుళ్ళ పేర్లు ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. "పెళ్ళై వెళ్ళిపోయింది కదా" అని వదిలేసే అలవాటు ఇంకా ఉంది. ఆ ఒక్క పేరు వదిలేసి రిజిస్ట్రేషన్ చేసుకుంటే ఇరవై ఏళ్ళ తర్వాత కూడా కేసు పడొచ్చు. కొన్నవాడూ మునుగుతాడు.

నాలుగోది, విదేశాల్లో ఉన్నవాళ్ళ సంగతి. బాబాయ్ అక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తే, అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇంకో ముఖ్యమైన రూల్: ఎన్నారైలు వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కాకపోతే ఇండియాలో ఉండే భారతీయుడికే అమ్మాలి. కొత్తగా వ్యవసాయ భూమి గాని, ఫామ్‌హౌస్ గాని కొనడానికి వీల్లేదు. మామూలు ఇల్లు, ఇంటి స్థలం కొనొచ్చు. కాబట్టి మా రెండెకరాల్లో అత్త వాటా బాబాయ్ కొనలేడు. ఇంట్లో వాటా కొనగలడు.

ఐదోది, పన్ను. మా ఊరి పొలం మున్సిపాలిటీ హద్దుకి దూరంగా ఉంది. పదివేల నుంచి లక్ష లోపు జనాభా ఉన్న సత్తెనపల్లి లాంటి మున్సిపాలిటీకి రెండు కిలోమీటర్ల అవతల ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. ఇంటికి మాత్రం ఉంది. 2024 జులై 23 తర్వాత అమ్మితే లాభం మీద 12.5 శాతం. అంతకుముందే చేతికొచ్చిన ఆస్తి అయితే, ఇక్కడుండేవాళ్ళు ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క వేసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఎన్నారైకి ఆ వెసులుబాటు లేదు. పాత ఇళ్ళకి 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు, వాల్యుయేషన్ రిపోర్ట్ ఒకటి చేయించుకోండి. ఇంకొకటి, 50 లక్షల లోపు అయితే టీడీఎస్ ఉండదనే మాట ఇక్కడుండే అమ్మకందార్లకే. ఎన్నారై వాటాకి ఆ పరిమితి వర్తించదు.

ఇవన్నీ తయారయ్యాక రెండో కాల్ పెట్టాం. ఈసారి అత్త ఉంది. నేను ఒక పేజీ మీద నాలుగు పేర్లు, నాలుగు వాటాలు, ఒక్కో వాటా విలువ రాసి స్క్రీన్ మీద పెట్టాను. నానమ్మకి చదివి వినిపించాను. ఆమె మొదటి ప్రశ్న: "నాకూ ఉందంట్రా ఇందులో?" ఉంది నానమ్మా, పావలా వంతు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది: "అయితే నా పావలా నేనమ్మను. నేనున్నన్నాళ్ళు ఇక్కడే ఉంటా. మీ ముప్పావలా మీ ఇష్టం. దాని పావలా మాత్రం ముందు దానికి ఇచ్చెయ్యండి, వడ్డీ పెరుగుతోంది."

యాభై ఏళ్ళు ఆ ఇంట్లో ఉన్న మనిషి, తన ఇల్లు అని మొదటిసారి కాగితం చూసి మాట్లాడింది. అందరం సైలెంట్ అయ్యాం.

అక్కడి నుంచి చర్చ మారింది. వారసత్వ చట్టంలోనే ఒక దారుంది. ఇలా నలుగురికి కలిపి వచ్చిన ఆస్తిలో ఒకరు వాటా అమ్మాలనుకుంటే, బయటివాళ్ళకంటే ముందు తోటి వారసులకి కొనే హక్కుంటుంది. కాబట్టి ఇల్లు ఉండాలి అనేవాళ్ళు, అమ్మాలి అనేవాళ్ళ వాటా మార్కెట్ రేటుకి కొనాలి. బాబాయ్‌ని సూటిగా అడిగాం: అత్త 9 లక్షలు మీరిస్తారా? వారం రోజులు ఫోన్ లేదు. తర్వాత చేశాడు. ఇస్తాను, నాలుగు లక్షలు ఇప్పుడు, మిగతాది ఉగాదికి అన్నాడు. అత్త ఒప్పుకుంది, కానీ మొత్తం డబ్బు అందాకే రిజిస్ట్రేషన్ అంది. నాకైతే ఆ కండిషన్ కరెక్టే అనిపించింది. తోబుట్టువులైనా సరే, డబ్బూ సంతకమూ ఒకే రోజు జరగాలి. పొలం సంగతి ఇంకా తేలలేదు. నాన్న ఇంకా అమ్మే ఆలోచనలోనే ఉన్నాడు. ఆయన వాటా ఎవరు తీసుకుంటారన్నది తర్వాతి కాల్‌లో మాట్లాడాలి. నానమ్మ పోయాక ఏం చెయ్యాలన్నది కూడా ఇప్పుడే రాసుకుందామని అత్తే అంది.

మీ ఇంట్లో ఇల్లు అమ్మేస్తారో ఉంచుకుంటారో మీ ఇష్టం, నేను ఏ పక్షమూ కాదు. కొన్ని ఇళ్ళు అమ్మడమే మంచిది, అప్పులో ఉన్న మనిషికి పాత దూలాలు అన్నం పెట్టవు. ఒక్క పని మాత్రం చెయ్యండి. ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని వాటాదార్ల పేర్లు రాయండి. అమ్మ పేరు, నానమ్మ పేరు, మేనత్తల పేర్లు వదలకుండా. పక్కన ఒక్కొక్కరికి ఎంత వస్తుందో, ఇల్లు అలాగే ఉంచితే ఎవరికి ఎంత ఖర్చవుతుందో రాయండి. అప్పుడు కాల్ పెట్టండి, అందరినీ కలపండి.

వచ్చే ఎపిసోడ్‌లో భాగపరిష్కార దస్తావేజు ఎలా రాయించుకోవాలో, ఖర్చు ఎంతవుతుందో ఒక లాయర్ గారితో మాట్లాడిస్తాను. మీ ప్రశ్నలు పంపించండి, ఆయన్ని అడుగుతాను. ఉంటానండి, నమస్తే.